నా పుస్తకంలో ‘ఊరికే’

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఉద్దెర పుస్తకం అంటే తెలియని ఇల్లుండదు. పావుకిలో చక్కెర, ఒక సబ్బు, చాయపత్తి పొట్లం... తెచ్చుకునేటప్పుడు ఏదీ లెక్కలోకి రాదు. నెల తిరిగాక సేటు పుస్తకం తెరిస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఫోన్‌కు పోయే పొద్దూ ఉద్దెర లాంటిదే. ఫరక్ ఒక్కటే, దాన్ని ఎవరూ రాసిపెట్టరు. ఫోనే గంటల లెక్క చూపిస్తుంది కదా అంటారా? అది ఎంతసేపో చెబుతుంది, ఎందుకో చెప్పదు.

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ కొని మూడు గడులు గీశాను. ఎన్నింటికి తీశాను, ఎందుకు తీశాను, కింద పెట్టేసరికి ఎన్నయింది. వారం తిరిగేసరికి రెండో గడిలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన మాట ‘ఊరికే’. ఇంకో సంగతి: ముందు రాసి తర్వాతే ఫోన్ తీయాలని నియమం పెట్టుకుంటే, పెన్ను వెతుక్కునేలోపే సగంసార్లు ఆ కోరిక చల్లారిపోయింది.

తెలుసా? ఒకప్పుడు వెబ్ పేజీకి అడుగు ఉండేది. అక్కడ ‘తర్వాతి పేజీ’ అన్న మీట దగ్గర వేలు ఒక్క క్షణం ఆగేది. అడుగే లేకుండా కిందికి జారిపోయే ఏర్పాటును 2006లో రూపొందించినవాడు ఏజా రాస్కిన్. అది జనం కాలాన్ని ఇంతగా మింగుతుందనుకోలేదని తర్వాత ఆయనే బాహాటంగా నొచ్చుకున్నాడు. నోట్‌బుక్‌లో ఆ గొడవ లేదు. కాగితం అయిపోతుంది, తిప్పాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది.

రోజూ రాసుకునే అలవాటుకు ఈ నేల కొత్తదేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు సాగాడు. పల్లకీలో కూర్చున్న మనిషికి బోలెడంత ఖాళీ. మనమైతే మెడ వంచి వేలు కదిపేవాళ్లం. ఆయన దారి ఎలా ఉంది, నీళ్లు ఎలాంటివి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దిగడానికి చోటు దొరుకుతుందా అని చూసింది చూసినట్టు రాసుకున్నాడు. ఆ రాతలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. నూటతొంభై ఏళ్ల నాటి పాలమూరు దారులు మనకు కనబడుతున్నాయంటే ఆ ఖాళీ పుణ్యమే.

ఆ రాతలను ఆకరంగా వాడుకున్నవారిలో గద్వాల గడ్డ మనిషి కూడా ఉన్నారు: సురవరం ప్రతాపరెడ్డి. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నిజాం తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబూ ఒక పట్టికే. 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను లెక్కగట్టి చూపించారు. రాసి పెడితే ఎదుటివాడి నోరే కాదు, ఒక్కోసారి మన నోరూ మూతపడుతుంది.

గద్వాల చీర నేసేవారికి ఈ నోట్‌బుక్ అక్కర్లేదేమో. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. అంచు ఒంటిని పట్టుకోవాలంటే నాడె విసిరిన ప్రతిసారీ పోగుకు పోగు లంకె పడాలి. గుంత మగ్గం మీద కూర్చుంటే కాళ్లు తొక్కుడు చెక్కల మీద, చేతులు నాడె మీద. బొటనవేలికి తీరికేదీ?

రాత్రిపూట ఫోన్ వదలలేనివారికి ఒక విశేషం. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన పరిశోధనలో 57 మంది యువతను రెండు జట్లు చేశారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు ఒక జట్టు రేపు చేయాల్సిన పనులు రాసింది, రెండోది చేసేసిన పనులు రాసింది. మొదటి జట్టుకు సగటున తొమ్మిది నిమిషాల ముందే నిద్ర పట్టింది. చిన్న పరిశోధనే, కానీ ఖర్చు ఒక కాగితమే కదా.

మొన్న అచ్చంపేట నుంచి శ్రీశైలం బస్సెక్కాను. మన్ననూరు దాటితే నల్లమల, సిగ్నల్ వచ్చీ రాకుండా ఉంటుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో ఇలా ఉంది: ‘మన్ననూరు దాటాక నాలుగుసార్లు తీశాను. సిగ్నల్ లేదని తెలుసు. ఎందుకు: ఊరికే.’