లావుగా ఉన్నామన్న బిడియం: శరీరానికే కాదు, మనసుకూ చికిత్స కావాలి

లావుగా ఉన్నవారు వైద్యుని దగ్గరకు వచ్చి చెప్పే బాధలు సాధారణంగా మోకాళ్ళ నొప్పులు, ఆయాసం, నెలసరి తేడాలు. అసలు బాధను మాత్రం చాలామంది బయటపెట్టరు. పెళ్ళికి పిలిస్తే ఏదో సాకు చెప్పి మానేస్తారు. వెళ్ళినా ఫోటో దిగేటప్పుడు వెనక్కి జరుగుతారు. బంతిలో నలుగురి మధ్య రెండోసారి వడ్డించుకోవడానికి జంకి, ఇంటికొచ్చి రాత్రి ఒంటరిగా ఎక్కువ తింటారు. ఇది మీ గురించే అనిపిస్తే సిగ్గుపడకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో స్త్రీలలో 24 శాతం, పురుషులలో దాదాపు 23 శాతం అధిక బరువుతో ఉన్నారు. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు.

మన షోలాపూర్ తూర్పు విభాగంలో బరువు పెరగడానికి తిండి ఒక్కటే కారణం కాదు. గుంట మగ్గం మీద నేసేటప్పుడు కాళ్ళూ చేతులూ రెండూ ఆడేవి. సాంచాలు వచ్చాక కార్మికుడు గంటల తరబడి నిలబడి దారం తెగిందా అని చూడటమే ఎక్కువయింది. ఇక బీడీలు చుట్టే స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని పొద్దుటి నుండి సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు. వారికి ఆడేది వేళ్ళు మాత్రమే. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే పనిలో లేచి నాలుగడుగులు నడిస్తే ఆ రోజు సంపాదన తగ్గుతుంది. అలాంటి మనిషిని 'తిని కూర్చుంటుంది' అనడం అన్యాయం. థైరాయిడ్ లోపం, పీసీఓడీ, స్టెరాయిడ్ వంటి కొన్ని మందులు, వంశపారంపర్యం కూడా బరువు పెంచుతాయి.

యునానీ వైద్యంలో మితిమీరిన స్థూలకాయాన్ని 'సిమనె ముఫ్రిత్' అంటారు. శరీరంలో బల్గమ్ (కఫం) అధికమై, మిజాజ్ చల్లగా, తేమగా మారినప్పుడు ఇది వస్తుందని హకీములు చెబుతారు. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆరోగ్యానికి మూలమైన ఆరు అంశాలను యునానీలో 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, ఆహారపానీయాలు, శరీర శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల అన్నవి అయిదు. మిగిలిన ఆరోది 'హర్కతో సుకూనె నఫ్సానీ', అంటే మనసు కదలిక, మనసు విశ్రాంతి. తిండిని, నడకను లెక్కపెట్టి మనసును వదిలేస్తే చికిత్స సగమే అయినట్టు.

ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో ఒక్కో ఉద్వేగం శరీరంలోని వేడిని ఎటు నడిపిస్తుందో వివరించాడు. కోపం వేడిని ఒక్కసారిగా బయటికి తోస్తుంది. భయం ఒక్కసారిగా లోపలికి లాగుతుంది. సంతోషం మెల్లగా బయటికి, దుఃఖం మెల్లగా లోపలికి. సిగ్గు విషయంలో మాత్రం వేడి మొదట లోపలికి వెళ్ళి, తర్వాత బయటికి వస్తుందట. ముఖం ఎర్రబడటానికి ఆయన చెప్పిన కారణం అదే. నలుగురిలోకి అడుగుపెట్టగానే గుండె దడ, చెమట, చెవులు వేడెక్కడం అనుభవించినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

నేటి వైద్యమూ ఈ బాధను గుర్తించింది. ఇతరులు తనను గమనించి తక్కువగా చూస్తారన్న భయం ఆరు నెలలకు మించి ఉండి, ఉద్యోగానికో, చదువుకో, బంధుత్వాలకో అడ్డుపడితే దానిని సామాజిక ఆందోళన రుగ్మత అంటారు. మునుపు స్థూలకాయం వల్ల కలిగే జంకును ఈ రుగ్మత కింద లెక్కించేవారు కాదు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం కొత్త నిర్ధారణ గ్రంథం తెచ్చింది. లావుగా ఉన్నవారిలో ఆ భయం మితిమీరి ఉంటే దానినీ రుగ్మతగానే చూడాలని అందులో మార్చారు. 'లావు తగ్గితే భయం అదే పోతుంది' అని ఊరుకోనవసరం లేదన్నమాట.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. 'జాడ్యా', 'బస్తా', 'డ్రమ్ము' అని పిలిస్తే రోషం వచ్చి సన్నబడతారని మేనత్తలు, మేనమామలు అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. ఎగతాళికి గురైనవారు ఎక్కువ తింటారని, వ్యాయామానికి బయటికి రావడం మానేస్తారని, వైద్యుని దగ్గరకు వెళ్ళడానికే వెనుకాడతారని పరిశోధనలు చూపాయి. 2020లో అనేక దేశాల నిపుణులు కలిసి ఈ అవమానించే ధోరణిని మానాలని ఉమ్మడి ప్రకటన చేశారు. పెళ్ళిచూపుల రోజున అమ్మాయి ముందే ఆమె బరువు గురించి మాట్లాడే పెద్దలు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

మీరు చేయవలసినది చిన్నగా మొదలుపెట్టండి. భయపడే చోటికి వెళ్ళకపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది గానీ, భయం మరింత బలపడుతుంది. అందుకే మెట్టుమెట్టుగా ఎదుర్కోవాలి. మొదటి వారం తెల్లవారుజామున, జనం లేని వేళ సిద్ధేశ్వర్ చెరువు దగ్గర నడవండి. తర్వాత కొంచెం వెలుతురు వచ్చాక. ఆ పైన ఒక స్నేహితురాలితో. ఇంకొన్నాళ్ళకు దగ్గరి బంధువుల ఇంట్లో అందరితో కూర్చొని భోజనం. ప్రతి మెట్టు దగ్గర దడ దానంతట అది తగ్గేదాకా ఆగండి, మధ్యలో లేచి రాకండి. మార్కండేయ రథోత్సవం వంటి పెద్ద జనసందోహాన్ని చివరికి ఉంచుకోండి.

బీడీలు చుట్టేవారు గంటకోసారి అయిదు నిమిషాలు లేచి తిరగండి. రియాజత్ (వ్యాయామం) తర్వాత గరుకు తువాలుతో ఒళ్ళంతా రుద్దుకోవడాన్ని యునానీలో 'దల్కె ఖషిన్' అంటారు. మన ఊళ్ళో తువాళ్ళకు కొదవ లేదు కదా! దీనివల్ల కొవ్వు కరుగుతుందని నేను చెప్పను. కానీ తన శరీరాన్ని తానే చూడటానికి ఇష్టపడనివారికి దానితో మళ్ళీ స్నేహం కుదురుతుంది. ఉదయం తిండి మానేయకండి. పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి చెయ్యి ఆగదు. జొన్న రొట్టె, ఆకుకూర, పప్పు మంచివే. శెంగ చట్నీ మాత్రం చెంచా లెక్కన.

మందుల విషయంలో జాగ్రత్త. సఫూఫె ముహజ్జిల్, అర్ఖె జీరా వంటివి సిమనె ముఫ్రిత్‌కు వాడుకలో ఉన్నవే. అయినా నాడి, మిజాజ్ చూడకుండా కొనుక్కొని వాడకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అసలే సొంతంగా వాడరాదు. 'పదిహేను రోజుల్లో పది కిలోలు' అంటూ లేబుల్ లేని పొడులు అమ్మేవారిని నమ్మకండి. మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే బీపీ కూడా చూపించుకోవాలి.

ఇంత చేసినా ఇల్లు దాటలేకపోతున్నా, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన రోజూ వస్తున్నా యునానీ మందు కోసం ఆగకుండా మనోవైద్యుని కలవండి. ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల చికిత్స ఈ రుగ్మతకు బాగా పనిచేస్తుంది. అవసరమైతే వారు మందులూ ఇస్తారు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు.