కల్లెడ అమ్మాయి పరుగు

పన్నెండేళ్ళ క్రితం ఒక తల్లి తన కొడుకును మా తరగతికి తీసుకొచ్చింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. వారం రోజులు కూర్చోబెట్టుకున్నాము. నేర్పిన అక్షరం మర్నాటికి గుర్తుండేది కాదు. పిలిస్తే ఆలస్యంగా తిరిగి చూసేవాడు. "అమ్మా, ఈ బాబుకు చదువు రాదు, ఇంటి దగ్గరే ఉంచుకోండి" అని చెప్పి పంపేశాము. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పిల్లవాడి మూతి తుడిచి, చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

2024 సెప్టెంబరులో పత్రికల్లో జీవాంజి దీప్తి ఫొటో చూసినప్పుడు ఆ తల్లి మాకు గుర్తుకొచ్చింది.

దీప్తిది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామం. 2003లో పుట్టింది. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకునేవారు. సంసారం గడవక ఉన్న కాస్త భూమినీ అమ్ముకున్నారు. బిడ్డకు పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. మాట తక్కువ. చెప్పింది అర్థం చేసుకోవడానికి సమయం పట్టేది. ఊళ్ళో కొందరు పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేసి రమ్మని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. సలహాకు డబ్బులు పెట్టనక్కరలేదు కదా! తల్లిదండ్రులు వినలేదు. వీధి పిల్లలు ఏడిపిస్తే దీప్తి ఏడుస్తూ ఇంటికి వచ్చేదట. అప్పుడు తీపి అన్నం వండిపెట్టేదాన్ని, ఒక్కోరోజు కోడికూర చేసేదాన్ని, దాంతో ఊరుకునేది అని ఆ తల్లి విలేకరులకు చెప్పింది. రోజుకు నూరో నూటయాభయ్యో కూలి వచ్చే ఇంట్లో కోడికూర అంటే ఏమిటో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

ఈ అమ్మాయి వేగంగా పరుగెత్తుతుందని మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేష్ దృష్టిలో పడింది. శిక్షణకు హైదరాబాద్ పంపమని ఆయన అడిగితే ఇంట్లో బస్సు ఛార్జీలకే లేని పరిస్థితి. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ కూడా ఆదుకున్నారు. ఆయన సలహా మీదనే సికింద్రాబాద్‌లో దీప్తికి పరీక్షలు చేయించారు. ఆ పరీక్షలే ఆమెకు పారా క్రీడల తలుపు తెరిచాయి.

పరీక్షలంటే తేలిక కాదు. కాలో చెయ్యో లేకపోతే కంటికి కనిపిస్తుంది. బుద్ధిమాంద్యం అలా కనిపించదు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో చాలామందికి అసలు ఏ లోపమూ లేదని తర్వాత బయటపడింది. ఆ మోసానికి శిక్ష ఎవరు అనుభవించారు? నిజంగా బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు. వారి పోటీలన్నిటినీ పారాలింపిక్స్ నుంచి తీసేశారు. 2012 లండన్ క్రీడల్లో గానీ తిరిగి చేర్చలేదు. అది కూడా కొన్ని ఆటలకే. పరుగుల్లో ఈ విభాగాన్ని టి-20 అంటారు. పారాలింపిక్స్‌లో ఇందులో 400 మీటర్లు, 1500 మీటర్లు మాత్రమే ఉన్నాయి. తెలివితేటల పరీక్ష, రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరన్న పరిశీలన, లోపం చిన్న వయసులోనే ఉందనే రుజువు, ఇవన్నీ చూపిస్తేనే బరిలోకి రానిస్తారు.

దీప్తి పరుగు 400 మీటర్లు, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లలో స్వర్ణం గెలిచింది. దాని వెంట వచ్చిన నగదుతో తల్లిదండ్రులు తాము అమ్ముకున్న భూమిని తిరిగి కొనుక్కున్నారు. మాకు మాత్రం ఆమె గెలిచిన పతకాలన్నిటికంటే ఈ వార్తే పెద్దదిగా తోచింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పోటీలు. అక్కడ 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. ఆ రికార్డు నాలుగు నెలలు కూడా నిలవలేదు. పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ దాన్ని బద్దలు కొట్టింది. మర్నాడు, సెప్టెంబరు 3న ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి మొదట, ఓండర్ రెండో స్థానం, 55.82 సెకన్లతో మన దీప్తి మూడోది. బుద్ధిమాంద్యం ఉన్న భారతీయులలో పారాలింపిక్స్ పతకం గెలిచిన తొలి వ్యక్తి ఆమే. అప్పటికి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అర్జున అవార్డు కూడా వచ్చింది.

ఇది చదివి, పతకం వచ్చింది కాబట్టి లోపం పోయిందని ఎవరూ అనుకోకూడదు. అది పోలేదు. లోపం ఉండగానే పరుగెత్తింది. అలాంటి పిల్లలందరూ పతకాలు తెస్తారని కూడా మేము చెప్పడం లేదు. కానీ మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? చుట్టాలు వస్తే ఆ బిడ్డను లోపలి గదిలోకి పంపుతాము. చెల్లెలి పెళ్ళి సంబంధం చెడిపోతుందని డాక్టరు కాగితం కూడా తీసుకోము. కాగితం లేకపోతే పింఛను లేదు, ప్రత్యేక బడి లేదు, ఆటల పోటీలూ లేవు.

పోయిన నెలలో వెతుక్కుంటూ ఆ తల్లి ఇంటికి వెళ్ళాము. మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీ వేసింది. చాయ్ తెచ్చింది. కొడుక్కి ఇప్పుడు ఇరవై ఒక్కటి. పక్క సందులో మేనమామ టైలరు షాపులో బొత్తాలు కుడుతున్నాడు. మేము వెళ్ళినప్పుడు తల ఎత్తి సలాం చెప్పాడు. సదరం సర్టిఫికెట్ ఉందా అని అడిగితే, "మాకు ఎవరు చెప్పారు మాస్టారూ?" అంది ఆమె. జవాబు చెప్పలేకపోయాము. సచివాలయానికి వెళ్ళి పరీక్షకు స్లాటు బుక్ చేయించాము. ఆ రోజు ఆసుపత్రికి మేమే తీసుకెళ్తామని మాట ఇచ్చి వచ్చాము.