విదేశవిద్య - ఒడంబడిక

విదేశవిద్యకు పోదలచిన విద్యార్థి తొలుత నగరమును, విశ్వవిద్యాలయపు పేరును చూచును. అంతకన్న ముందు చూడవలసినవి చదువదలచిన శాస్త్రము, విద్యార్థివేతనపు నిబంధనలు.

1913లో డాక్టరు అంబేద్కరు బరోడా మహారాజు ఒసగిన విద్యార్థివేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిరి. గడువు మూడేండ్లు, పిదప పదేండ్లు సంస్థానమున కొలువు చేయవలెనని ఒడంబడిక. అర్థశాస్త్రమును ప్రధానముగా పఠించి 1915లో ఎం.ఏ. పట్టమందిరి. 1916లో లండను చేరిరి. మరుసటి యేట విద్యార్థివేతనపు గడువు తీరగా, చదువు నడుమనే మరలవలసివచ్చెను. బరోడా కొలువులో అంటరానితనము ఆయనకు నిలువనీడ లేకుండ జేసెను. అయినను శాస్త్రమును విడువలేదు. బొంబాయిలో అధ్యాపకులై కొంత ధనము కూర్చుకొని, 1920లో మరల లండనుకేగి, 1923లో డి.ఎస్సీ. పట్టము పొందిరి.

ప్రయాణమునకు ముందే ఒడంబడికను పూర్తిగ చదువుకొనుట, గడువు తీరినను విడువలేని శాస్త్రమును ఎంచుకొనుట విద్యార్థులకు మేలు.