చెరువునీటిలో ఋతువులు

చెరువునుండి తెచ్చిన నీటిని గాజుపాత్రలో పోసి వెలుతురున కెదురుగా పట్టి చూచినచో, ఆవగింజంతయో, అంతకన్న చిన్నవో అగు ప్రాణులు కుదుపుకుదుపుగా పైకెగసి క్రిందికి జారుచుండుట మనకు కనిపించును. వీనిని పురుగులని పలుకుట వాడుక. కాని ఇవి రొయ్యకును, పీతకును చుట్టములు. వీనిలో ముఖ్యమైనవి రెండు. చీలిన కొమ్మలవంటి మీసములను తెడ్లవలె వేయుచు గంతులిడునది డాఫ్నియా. బేరిపండు ఆకారముతో, ఒంటికన్నుతో నుండునది సైక్లాప్సు. ఆడుదానికి తోక కిరువైపుల రెండు గ్రుడ్లసంచులు వ్రేలాడుచుండును. ఇవి అల్పజీవులే. అయినను, నీరు తేటపడుటయు, చేపపిల్ల బ్రతుకుటయు, ఒక్కొక్కచో మనుష్యుల ఆరోగ్యమును వీని హెచ్చుతగ్గులపై నాధారపడియున్నవి.

ఈ హెచ్చుతగ్గులకు ఋతువులతో సంబంధము కలదు. శీతలదేశపు సరస్సులలో ఇది స్పష్టముగా గోచరించును. జర్మనీ, స్విట్జర్లండు, ఆస్ట్రియా దేశముల నడుమనున్న కాన్‌స్టన్సు సరస్సును ఉదాహరణముగా తీసికొందము. శీతకాలమున వెలుతురు చాలదు, నాచు పెరుగదు, కావున డాఫ్నియాలు బహు స్వల్పము. వసంతమున ప్రొద్దు పొడవగును. సూక్ష్మమైన నాచుకణములు పెరిగి నీరు పచ్చబడును. ఆహారము లభించినంతనే డాఫ్నియాలు వృద్ధిచెందును. నీరు వెచ్చనై, తిండి సమృద్ధిగా నున్నయెడల, డాఫ్నియా పుట్టిన వారము పది దినములకే తల్లియగును. ఆ పిమ్మట మూడు నాలుగు దినముల కొకసారి పిల్లలను విడుచును. ఇందులకు మగదాని అవసరమే లేదు. తల్లి ఆడుపిల్లలనే కనును; అవి మరల ఆడుపిల్లలనే కనును. ఇట్లు కొలది వారములలో సంఖ్య ఎన్నో రెట్లు పెరుగును.

మే, జూను నెలలనాటికి ఈ దండు నీటిని వడగట్టి వడగట్టి నాచును తినివేయును. అప్పుడు ఇండుపగింజ అరగదీసి కలిపినట్లు సరస్సు తేటపడును. శాస్త్రజ్ఞులు దీనిని తేటనీటి దశ అందురు. కాని ఆ వృద్ధియే వానికి చేటగును. నాచు తరుగగానే ఆకలి మొదలగును. అదే సమయమున ఆ యేటి చేపపిల్లలు ఎదిగి వీనిని తిన నారంభించును. వేసవిలో మరల నాచు పుట్టినను, అది పెద్దదిగానో, పోగులుగానో పెరిగి వీని నోటికి లొంగదు. శరత్తున కొంత కోలుకొన్నను, చలి రాగా మరల క్షీణించును.

మరి మరుసటి యేడు విత్తనమెక్కడిది? కొన్ని చలికాలమును నీటిలోనే గడుపును. తక్కినవానికి వేరొక ఉపాయము కలదు. ఆకలి, ఇరుకు, పగటిపొడవు తగ్గుట అను సూచనలు కలుగగానే డాఫ్నియాలు మగవానిని కూడ కనును. జతకూడిన పిదప ఏర్పడిన గ్రుడ్లు గుఱ్ఱపుజీనువంటి గట్టి పొరలో చుట్టబడి అడుగునకు జారును. చలికిని, ఎండకును ఓర్చి అవి బురదలో నిదురించును. దశాబ్దముల తరువాత వెలికితీసిన గ్రుడ్లనుండి సయితము పిల్లలు వెడలినవి. మన పల్లెల చిన్న కుంటలు వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, తొలకరికి నిండిన కొలది దినములకే ఇట్టి ప్రాణులతో కదలాడుట కిదియే కారణము.

వీని ప్రభావ మెంతటిదో అమెరికాలోని సియాటిల్ నగరము చెంతనున్న వాషింగ్టన్ సరస్సు తెలిపినది. నగరపు మురుగునీటివలన అది నాచుపట్టి చెడిపోయెను. 1963 మొదలు 1968 వరకు మురుగును క్రమముగా మళ్ళించిరి. నీరు బాగుపడెను. అయినను 1976లో డాఫ్నియాలు అధికమైన పిదపనే అది మునుపెన్నడు నెఱుగనంత తేటపడెను. వానిని తిను ఒక చిన్న రొయ్యజాతి తగ్గుటయు, వాని వడపోత కడ్డుపడు పోగునాచు నశించుటయు కారణములని ఎడ్మండ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను.

ఇక సైక్లాప్సు కథ మన యిండ్లకే సంబంధించినది. నారికురుపు అను బాధ మన పెద్దల కెఱుకయే. మూరెడు, రెండు మూరల పొడవైన పురుగు కాలి పుండునుండి దినదినము కొంచెముగా వెలువడును. ఆ మంటకోర్వలేక రోగి నీటిలో కాలిడినప్పుడు దాని పిల్లలు వేలకొలది నీటిలో కలియును. సైక్లాప్సు వానిని మ్రింగును. ఆ సైక్లాప్సును మనము నీటితో త్రాగుదుము. ఏడాదికి మరల పురుగు బయల్పడును. ఇందు సైక్లాప్సు పాత్రను 1870లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెద్చెంకో కనుగొనెను.

ఇందును ఋతుధర్మము కలదు. వానలు మెండైన సీమలలో ఈ వ్యాధి ఎండకాలమున హెచ్చును. ఏలనన, నీరు కుంచించిన చోటనే సైక్లాప్సులును, కడవలును గుమిగూడును. మిక్కిలి పొడినేలలలో వానలకు కుంటలు నిండినపుడు హెచ్చును. దిగుడుబావులలో కాళ్లు తడుపుచు నీరు ముంచుకొను అలవాటు దీనికి తోడ్పడెను. ఆంధ్రప్రదేశముతో కలిపి ఏడు రాష్ట్రములలో ఈ బాధ యుండెడిది. దానికి టీకా లేదు. పురుగును చంపు మందును లేదు. అయినను బావుల మెట్లు మూసి, గొట్టపుబావులు వేసి, నీటిని మందుతో శుద్ధిచేసి, దట్టమైన బట్టతో వడగట్ట నేర్పి, 1996 తరువాత మనదేశమున ఒక్క రోగియు లేకుండ చేసిరి. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ధ్రువపరచెను.

వడగట్టిన బట్టపై నిలిచిపోవునంత పెద్దది సైక్లాప్సు; మనకు మేలైన సంగతి అదియే. కాని విషూచి మొదలగు రోగముల క్రిములు అంతకన్న ఎంతో చిన్నవై బట్టలోనుండి జారిపోవును. కావున చెరువునీరు త్రాగవలసి వచ్చినపుడు ముందు వడగట్టుట, పిదప కాచుట, రెండును మనము మరువరాదు.