ఇంగ్లీషు వాక్యమున ఊనిక ఎచ్చట?

జర్మనీలోని హార్ట్స్ పర్వతములపై, ఒకప్పుడు వెండిగనులకు ప్రసిద్ధిగాంచి, క్షయక్రిమిని కనుగొన్న రాబర్ట్ కోఖ్‌కు జన్మస్థానమైన క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ అను చిన్న పట్టణమున, 1775లో గనులవిద్యా బోధనతో ఆరంభమై నేడు సాంకేతిక విశ్వవిద్యాలయముగా విలసిల్లుచున్న విద్యాపీఠము కలదు. అచ్చట విదేశీ విద్యార్థుల వంతు మిక్కిలి హెచ్చు. ఉన్నతతరగతులు కొన్ని ఇంగ్లీషులోనే సాగును. బోధించువారికిని వినువారికిని ఇంగ్లీషు పరభాషయే యైనచోట, పలుకు తీరు చక్కగా నుండనిదే భావము చేరదు.

అట్టిచోటికి వెళ్లు మన విద్యార్థులకు వ్యాకరణము తెలియును, పదసంపద కలదు, లోపించునది వాక్యస్వరము, అనగా వాక్యములో కంఠస్వరపు ఊనికయు ఎత్తుపల్లములును. ఇందుకు కారణము మన భాషాస్వభావములోనే యున్నది. “రెండవ కొలిమిలోనే” అని ఏకారము చేర్చినచో అవధారణము సిద్ధించును. “వచ్చినాడా” అని ఆకారము చేర్చినచో ప్రశ్న యగును. ప్రత్యయము చేయు ఈ పనిలో పెక్కుభాగమును ఇంగ్లీషున కంఠస్వరమే నిర్వహింపవలెను.

ప్రయోగశాలలో “ది శాంపిల్ ఈజ్ ఇన్ ది సెకండ్ ఫర్నెస్” అను వాక్యమును తీసికొందము. “సెకండ్” పై ఊనినచో, అనగా ఆ పదమును బలముగా పలికినచో, మొదటి కొలిమిలో కాదని భావము. “శాంపిల్” పై ఊనినచో, అందున్నది మరియొకటి కాదని. “ఈజ్” పై ఊనినచో, లేదన్నవానికి ప్రత్యుత్తరము. అన్ని పదములను సమముగా పలికినచో వినువాడు ఊహింపవలసినదే. జర్మనులును తమ భాషలో ఇట్లే ఊనిక నుపయోగింతురు గనుక, వారి చెవి దానికొరకు వెదకును.

ఊనిక పిదప స్వరపు పోకడ. సామాన్యవాక్యములును, “వేర్, వెన్” వంటి పదములతో మొదలగు ప్రశ్నలును సాధారణముగా అవరోహణమున ముగియును. అవునో కాదో యని యడుగు ప్రశ్నలు తరచుగా ఆరోహణమున ముగియును. దిగి మరల లేచు స్వరమున ఆచార్యుడు “ఇట్స్ ఎ గుడ్ ఐడియా” అనెనేని, “కాని” అను ఆక్షేపమొకటి వెనుకనున్నదని గ్రహింపవలెను; గ్రహింపనివాడు దానిని సంపూర్ణ ప్రశంసగా భావించి మోసపోవును.

ఈ విద్యకు శాస్త్రీయ సంప్రదాయము కలదు. 1920లో క్లింగ్‌హార్ట్, క్లెమ్ అను పండితులు జర్మన్ అభ్యాసకులకై ఇంగ్లీషు స్వరాభ్యాస గ్రంథమును ప్రచురించిరి. 1926లో ఆర్మ్‌స్ట్రాంగ్, వార్డ్ అను విదుషీమణులు చుక్కలతోను గీతలతోను స్వరపు ఎత్తుపల్లములను చిత్రించిరి. మన హైదరాబాదులో 1958లో వెలసిన కేంద్రీయ ఆంగ్లసంస్థ ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించెను. ఆ సంస్థకు చెందిన బన్సాల్ 1969లో వెలువరించిన పరిశోధన, భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు దుర్బోధమగుటకు పదములలో ఊనిక తప్పుట ముఖ్యకారణములలో నొకటియని నిరూపించెను.

అభ్యాసము సులభము. ఒక చిన్న వాక్యమును చక్కగా మాటలాడువారి నోట విని, ప్రధానమైన మాట క్రింద గీత గీయుడు. పిదప పదములను విడిచి, పెదవులు మూసి, రాగమువలె దాని ఎత్తుపల్లములను కూనిరాగము తీయుడు. తరువాత పదములు చేర్చుడు. మీ పలుకును ఫోనులో ధ్వనిముద్రణ చేసికొని మూలముతో పోల్చుడు. అటుపై ఊనికను మరియొక పదముపైకి మార్చి, అర్థమెట్లు మారెనో పరికింపుడు. ఒక్క వాక్యమును ఈ రీతిగా సాధించుట, నూరు వాక్యములను యాంత్రికముగా వల్లించుటకంటె మేలు.

ఆంగ్లేయుని యాసను అనుకరింప నక్కరలేదు. తెలుగుజాడ మిగిలియున్నను దోషము లేదు. ఏ మాట ముఖ్యమో శ్రోతకు తెలియజేయుట మాత్రము వక్త ధర్మము. ఆ ధర్మమును పాటించినవాని ఇంగ్లీషు ఏ దేశమునందైనను అర్థమగును.