ట్రాక్టరుకీ ఫెరారీకీ ఉన్న చుట్టరికం

ధర్మసాగర్ చుట్టుపక్కల పొలాలు దున్నే ట్రాక్టర్‌ని ఒకసారి పక్క నుంచి చూడండి. లారీకి ఉన్నట్టు కింద పొడవాటి ఫ్రేమ్ కనబడదు. ముందు ఇంజిన్, దాని వెనక క్లచ్ హౌసింగ్, తర్వాత గేర్‌బాక్స్, చివర ఆక్సిల్ హౌసింగ్. వీటిని వరసగా బోల్టులతో బిగిస్తే అదే బండికి వెన్నెముక. అందుకే చాలా ట్రాక్టర్లలో క్లచ్ ప్లేట్ మార్చాలంటే మెకానిక్ బండిని నడిమికి రెండు ముక్కలు చేయాల్సిందే. 1917 నాటి ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ కూడా ఇట్లాంటిదే.

లె మాన్స్ 24 గంటల రేసులో పరిగెత్తే ప్రోటోటైప్ కార్లదీ దాదాపు ఇదే పద్ధతి. కార్బన్ ఫైబర్ మోనోకాక్ డ్రైవర్ వీపు వెనకే ఆగిపోతుంది. దాని వెనక గోడకి ఇంజిన్, ఇంజిన్‌కి గేర్‌బాక్స్, గేర్‌బాక్స్‌కి వెనక సస్పెన్షన్. మలుపులో వెనక టైర్ల మీద పడే బలమంతా ఇంజిన్ బ్లాక్ గుండానే ముందుకి రావాలి. మనం క్లాసులో స్ట్రెస్డ్ మెంబర్ అనేది దీన్నే.

దీనివల్ల లాభం ఏంటి? విడిగా ఫ్రేమ్ అక్కర్లేదు కాబట్టి బరువు తగ్గుతుంది, బండి మెలి తిరగకుండా గట్టిగా ఉంటుంది. చాసిస్ మెలి తిరిగితే అది డ్యాంపర్ లేని ఇంకో స్ప్రింగ్ లెక్క. అప్పుడు సస్పెన్షన్‌ని ఎంత సెట్ చేసినా ఫలితం చేతికి రాదు.

ఫెరారీనే తీసుకుందాం. 296 జీటీ3, 499పి రెండింట్లోనూ ఒకే కుటుంబానికి చెందిన 3 లీటర్ల ట్విన్ టర్బో వి6 ఇంజిన్. జీటీ3లో ఆ ఇంజిన్‌ని వెనక సబ్‌ఫ్రేమ్ మోస్తుంది. 499పిలో ఇంజినే బండిని మోయాలి. 2023లో ఈ కారు లె మాన్స్‌లో 342 ల్యాపులు తిరిగి గెలిచింది. ల్యాపు 13.626 కి.మీ. అంటే ఒక్క రోజులో దాదాపు 4,660 కి.మీ. మన ఆదిలాబాద్, హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా మొత్తం కలిపినా అంత లేదు.

నష్టం కూడా ఉంది. మధ్యలో రబ్బరు మౌంట్లు ఉండవు కాబట్టి ఇంజిన్ వణుకు నేరుగా బండికి ఎక్కుతుంది. పోర్షే 919 హైబ్రిడ్ కోసం చేసిన మొదటి 2 లీటర్ల వి4 ఇంజిన్ టెస్టింగులో విపరీతంగా వణికింది. దాంతో క్రాంక్‌షాఫ్ట్‌నీ ఫైరింగ్ ఆర్డర్‌నీ మార్చేశారు. ఆ తర్వాతే 2015, 2016, 2017లో వరసగా మూడు విజయాలు.

ఇక మన సంగతి. స్టూడెంట్ ఫార్ములా టీముల్లో చాలామంది ట్యూబ్ ఫ్రేమ్‌లో బైక్ ఇంజిన్ పెడతారు. బరువు తగ్గుతుంది కదా అని వెనక ట్యూబులు తీసేసి, ఆ లోడు ఇంజిన్ మీద వేయాలని ఎవరికైనా అనిపించొచ్చు. ఆగండి. ఆ ఇంజిన్ కేసింగ్ మీదున్న బోల్టు రంధ్రాలు బైక్ మీద పడే లోడు లెక్కేసి పెట్టినవి. కారు మలుపు తిరిగేటప్పుడు వచ్చే మెలికకి అవి సరిపోతాయో లేదో ముందు లెక్కగట్టాలి. అల్యూమినియం కేసింగ్ పగిలితే పోయేది ఇంజిన్ ఒక్కటే కాదు, వెనక చక్రాలు కూడా. ఆ సమయంలో సీట్లో ఉండేది మన క్లాస్‌మేటే.

కాబట్టి క్యాడ్‌లో మొదటి గీత గీసేముందే, ప్రతి చక్రం నుంచి లోడు ఎటు పోతోందో కాగితం మీద బాణాలు వేసుకోండి. బాణం ఇంజిన్ దగ్గరికి వచ్చిందంటే, హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సింది ఆ బ్లాక్ బలం.