ట్యాగు తప్పితే చీర కనిపించదు

అంతర్జాలంలో చేనేత దుకాణం తెరిచిన వారికి సరకును వర్గాలుగా సర్దడం పెద్ద పని. వందల చీరలను ఒక్కొక్కటిగా చేర్చే శ్రమను షాపిఫై వంటి వేదికలు నిబంధనల సాయంతో తప్పిస్తున్నాయి.

ఉదాహరణకు ‘రకం: చీర’, ‘ట్యాగు: పోచంపల్లి’, ‘ధర: రూ.5,000 కంటే తక్కువ’ అని మూడు నిబంధనలు పెడితే సరిపోయే చీరలన్నీ ఒకే వర్గంలో చేరతాయి. ఒక చీర ధరను రూ.6,000కు పెంచితే అది దానంతటదే తొలగిపోతుంది. ‘నిల్వ సున్నా కంటే ఎక్కువ’ అని జోడిస్తే అమ్ముడైనవి కనిపించవు. ఒక్కో వర్గానికి 60 వరకు నిబంధనలు పెట్టవచ్చు.

అన్నీనా.. ఏదో ఒకటా?

‘అన్ని నిబంధనలూ’ అనే చోట ‘ఏదో ఒకటి’ ఎంచుకుంటే పోచంపల్లి చీరల మధ్య రూ.5,000 లోపు తువ్వాళ్లూ వచ్చి చేరతాయి.

అక్షరమే ఆధారం

కంప్యూటరు నేతను చూడదు, ట్యాగులోని అక్షరాలనే చూస్తుంది. ‘పోచంపల్లి’ బదులు ‘పోచంపల్లె’ అని నమోదు చేస్తే ఆ చీర వర్గంలోకి రాదు. కొనేవారి కంటపడదు, నేతన్న పెట్టుబడి నిలిచిపోతుంది. మరమగ్గం చీరకు ‘చేనేత’ ట్యాగు తగిలిస్తే కొనుగోలుదారు మోసపోతారు. అందుకే ట్యాగుల జాబితాను ముందే రాసి పెట్టుకోవాలి. సరకు నమోదు చేసేవారంతా దానినే పాటించాలి.